48 గంటల గేమ్ జామ్‌లో చిన్న ఆటను పూర్తిచేయడం ఎలా?

గేమ్ జామ్ అంటే తక్కువ గడువులో, సాధారణంగా ప్రారంభ సమయానికే వెల్లడించే ఒక ఇతివృత్తం ఆధారంగా, కొత్త వీడియో గేమ్‌ను తయారుచేసి అందరికీ ఆడేందుకు ఇచ్చే కార్యక్రమం. 2002లో మొదలైన లూడమ్ డేర్, 2009 జనవరిలో తొలిసారి జరిగిన గ్లోబల్ గేమ్ జామ్, 2017లో మొదలైన జీఎంటీకే గేమ్ జామ్ వీటిలో పేరున్నవి. ఒంటరిగా పనిచేసేవారు 48 గంటల జామ్‌లో ఒక ఆటను చివరిదాకా ఎలా తీసుకురావచ్చో ఇక్కడ వివరిస్తాను. ఈ పద్ధతికి మూలం ఒకే నియమం: మొదటి రాత్రి నిద్రపోయే ముందే, మొదలై, ముగిసి, మళ్లీ మొదలయ్యే ఆట ఒకటి బ్రౌజర్‌లో నడుస్తూ ఉండాలి. అందం, శబ్దం, అదనపు లెవెల్స్ అన్నీ ఆ తర్వాతి విషయాలే.

సన్నాహం జామ్‌కు వారం ముందు మొదలవ్వాలి. కొత్త ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడానికి జామ్ సరైన సమయం కాదు. ఇప్పటికే చేతికి అలవాటైనదే వాడండి. ఇంకా ఏదీ అలవాటు లేనివారికి గోడో ఇంజిన్‌ను సూచిస్తాను. అది ఉచితం, 2014 నుంచి దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. గోడో 4లో ప్రాజెక్టు ప్రారంభించేటప్పుడే కంపాటిబిలిటీ రెండరర్‌ను (తెరపై బొమ్మలు గీసే భాగం) ఎంచుకోండి, ఎందుకంటే వెబ్ ఎగుమతి, అంటే ఆటను బ్రౌజర్‌లో నడిచే రూపంలోకి మార్చడం, దానితోనే సాధ్యమవుతుంది. కోడ్‌ను గోడో సొంత భాష అయిన జీడీస్క్రిప్ట్‌లో రాయడం మేలు. గోడో 4.3 నుంచి థ్రెడ్స్ (సమాంతరంగా నడిచే పనులు) లేకుండా ఎగుమతి చేసే వీలు వచ్చింది కనుక, వెబ్ కోసం ఆ వెర్షన్‌ను గానీ అంతకన్నా కొత్తదాన్ని గానీ వాడితే బ్రౌజర్‌లతో వచ్చే ఇబ్బందులు చాలావరకు తప్పుతాయి.

తెలుగులో ఆట చేయదలచినవారు మరో సంగతి గమనించాలి. గోడో 3లో ఒత్తులు, గుణింతాలు సరిగా కలిసేవి కావు. గోడో 4లో సరిగానే వస్తాయి. అయితే బ్రౌజర్‌లో నడిచే ఆట కంప్యూటర్‌లోని ఫాంట్లను వాడుకోలేదు. అందువల్ల నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ ఫైలును ప్రాజెక్టులోనే చేర్చాలి, లేకపోతే అక్షరాల స్థానంలో ఖాళీ గడులు కనిపిస్తాయి. మన లిపిలో ఉన్న ఆటలు ఇంకా ఎన్నో రావాలని నా కోరిక. ఈ చిన్న జాగ్రత్త లోపించి ఎవరూ వెనుకాడకూడదు.

జామ్‌కు ముందు ఒక్కసారైనా, బాణం మీటలతో కదిలే ఒక చదరాన్ని తయారుచేసి, వెబ్‌కు ఎగుమతి చేసి, ఆటలను ఉంచే ఇచ్.ఐఓ సైటులో ఎవరికీ కనిపించని డ్రాఫ్టుగా పెట్టి చూడండి. జిప్ ఫైలు తెరవగానే ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే ఫైలు మొదటి స్థాయిలోనే ఉండాలి, లోపలి ఫోల్డర్‌లో ఉంటే ఆట తెరుచుకోదు. ఆ పేరును ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయాలి. ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్ పట్టించుకోదు గానీ వెబ్ సర్వర్లు పట్టించుకుంటాయి. మీ కంప్యూటర్‌లో కనిపించిన బొమ్మ వెబ్‌లో మాయమవడానికి తరచుగా ఇదే కారణం. జామ్ నియమాలనూ అప్పుడే చదవండి. లూడమ్ డేర్‌లో ఒంటరిగా పోటీపడే కంపో విభాగంలో బొమ్మలు, సంగీతం కూడా గడువులోనే మీరే చేయాలి. చాలా జామ్‌లలో మాత్రం కెన్నీ అనే సైటులో దొరికే సీసీ0 (ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సు) బొమ్మల వంటివి వాడుకోవచ్చు.

ఇతివృత్తం ప్రకటించాక ఆలోచనకు రెండు గంటలకు మించి ఇవ్వకండి, కానీ మొదట తట్టినదాన్నే పట్టుకోకండి. 2013 డిసెంబరు లూడమ్ డేర్ ఇతివృత్తం ‘నీకు దక్కేది ఒక్కటే’ అనే అర్థంలో ఉంది. ఒకే తూటా, ఒకే ప్రాణం అనేవి ఎవరికైనా వెంటనే తడతాయి. కాగితం మీద పది ఆలోచనలు రాసి, ఒక్కొక్కదానిలో ఆటగాడు చేసే పనిని ఒకే క్రియగా చెప్పడానికి ప్రయత్నించండి. ఉదాహరణకు ఒకే బిందె, ఒక బావి, ఐదు మొక్కలు. క్రియ ‘మోయడం’. నిండు బిందెతో నడక నెమ్మదిస్తుంది, మొక్కలు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో వాడిపోతుంటాయి, ఒక్క మొక్క ఎండినా ఆట ముగుస్తుంది, అప్పటివరకు గడిచిన సమయమే స్కోరు. ఇందులో ఒకే తెర ఉంది, సంభాషణలు లేవు, ఎదురుదాడి చేసే శత్రువుల తెలివిని కోడ్‌లో రాయనక్కరలేదు. అయినా ఏ మొక్కకు ముందు పోయాలనే నిర్ణయం ఆటగాడికి ప్రతిక్షణం ఎదురవుతుంది. ఆటను ఆటగా నిలిపేది ఆ నిర్ణయమే. 2019లో విడుదలైన బాబా ఈజ్ యూ అనే పజిల్ ఆట 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టింది; దాని బలం కూడా, ఆట నియమాలనే దిమ్మెలుగా తోసి మార్చవచ్చుననే ఒక్క ఆలోచనలో ఉంది.

తర్వాత బొమ్మలేవీ గీయకుండా రంగు చదరాలతో ఆటను నిర్మించండి. బావి నీలి చదరం, మొక్క ఆకుపచ్చ చదరం, ఆటగాడు తెల్ల చదరం. నడక వేగం, బరువుతో నడిచే వేగం, మొక్క వాడిపోయే సమయం వంటి అంకెలన్నీ కోడ్‌లో చెల్లాచెదురుగా కాక ఒకేచోట, ఎడిటర్ నుంచే మార్చగలిగేలా ఉంచండి. రెండో రోజు మీరు చేసే పనిలో అధికభాగం ఈ అంకెలను మార్చి మార్చి ఆడి చూడటమే. చదరాలతో ఆడినప్పుడు ఆసక్తి కలగని ఆట, మంచి బొమ్మలు పెట్టినంత మాత్రాన ఆసక్తికరం కాదు. అందుకే ఆలోచన బలహీనమని మొదటి సాయంత్రమే తేలితే దాన్ని వదిలి, జాబితాలోని రెండోదానికి వెళ్లడానికి ఇంకా సమయం ఉంటుంది.

ఆ రాత్రి నిద్ర మానకండి. నిద్రలేని మెదడు అరగంటలో దొరికే తప్పును మూడు గంటలు వెతుకుతుంది.

రెండో రోజు ఉదయం, ఈ ఆట గురించి ఏమీ తెలియని ఒకరికి దాన్ని ఇచ్చి, మీరు పక్కన మౌనంగా కూర్చోండి. ఇది చాలామంది దాటవేసే దశ, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. ‘అది బావి, అక్కడ నీళ్లు తీసుకో’ అని చెప్పాలనిపించిన ప్రతిసారీ, ఆ మాటను ఆటే చెప్పేలా మార్చాలని రాసుకోండి. బావి దగ్గరకు రాగానే నొక్కాల్సిన మీట గుర్తు కనిపించాలి. వాడే మొక్క రంగు మారాలి. ఆటను తయారుచేసిన మీకు సరిపోయే కష్టం కొత్తవారికి భరించలేనిదిగా ఉంటుంది కనుక, మొదటి నిమిషాన్ని మీకు విసుగు పుట్టించేంత సులువుగా ఉంచండి.

ఆ తర్వాతే బొమ్మలు, శబ్దాలు. నాలుగైదు రంగులకు పరిమితమైతే, గీయడం రానివారి బొమ్మలు కూడా పొందికగా కనిపిస్తాయి. శబ్దాలకు ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే ఉచిత సాధనం చాలు. 2007లో లూడమ్ డేర్‌లో పాల్గొనేవారి కోసమే అది తయారైంది. నీళ్లు నింపినప్పుడు, పోసినప్పుడు, మొక్క ఎండినప్పుడు ఒక్కో శబ్దం పెడితే ఆటలో ప్రాణం కనిపిస్తుంది. ఆటగాడు ఏదైనా నొక్కేవరకు బ్రౌజర్లు సాధారణంగా శబ్దాన్ని అనుమతించవు కాబట్టి, ‘మొదలుపెట్టు’ బటన్ ఉన్న ప్రారంభ తెర తప్పనిసరి.

చివరి ఆరు గంటల్లో కొత్త అంశం ఏదీ చేర్చకండి. ఉన్న తప్పులను మాత్రమే సరిచేయండి. ఆట పేజీలో ఏ మీట ఏం చేస్తుందో రాసి, ఆట సాగుతున్న ఒక మంచి చిత్రాన్ని పెట్టండి. గడువు చివరి నిమిషాల్లో అందరూ ఒకేసారి ఎక్కిస్తారు కనుక రెండు గంటల ముందే సమర్పించి, మరో కంప్యూటర్‌లో, మరో బ్రౌజర్‌లో తెరిచి ఒకసారి ఆడి చూడండి. గడువు ముగిశాక, పాల్గొన్నవారు ఒకరి ఆటకు ఒకరు మార్కులు వేసే ఓటింగ్ కాలంలో ఇతరుల ఆటలు ఆడి, శ్రద్ధగా అభిప్రాయం రాయండి. అలా రాసినవారి ఆటలను ఇతరులూ వెతికి ఆడతారు. ఆ రోజుల్లో ఏ మార్పులు అనుమతిస్తారో నియమాల్లో చూసుకోండి, సమర్పించిన ప్రతిని మాత్రం విడిగా భద్రపరచి, మెరుగులన్నీ దాని నకలులోనే చేయండి.