పనిని బయటికి అప్పగించడం – 3వ పాఠం: జీతాల లెక్క చేతులు మారే రెండు నెలలు

ఏ పని మన దగ్గర ఉంచుకోవాలో, ఏది బయటికి ఇవ్వొచ్చో కిందటి పాఠంలో వడపోశాం. ఇప్పుడు ఒక్క పేరోల్‌నే, అంటే జీతాల లెక్కనే పట్టుకుని, అది చేతులు మారే తీరు చూద్దాం. కంపెనీలు బయటికి ఇస్తూ వచ్చిన పనుల్లో ఇది పాతది. అమెరికాలో ఏడీపీ అనే కంపెనీ 1949లో మొదలైందే ఇతర కంపెనీల జీతాలు లెక్కగట్టడానికి.

వెండర్‌కు, అంటే మీ పని తీసుకున్న బయటి సంస్థకు, డేటా పంపేముందు నియమాలు కాగితం మీద పెట్టండి. చాలా చోట్ల అవి ఏళ్లుగా ఆ పని చేస్తున్న ఒక్క మనిషి బుర్రలోనే ఉంటాయి. ఉదాహరణకు నెల జీతం 30,000. ఉద్యోగి 31 రోజుల నెలలో 16వ తేదీన చేరాడు, అంటే 16 రోజులు. 31తో భాగిస్తే 15,484 వస్తుంది. నెలంటే 30 రోజులే అనుకుంటే 16,000. 26 పనిదినాల లెక్కన, అతను 13 రోజులు పనిచేసి ఉంటే, 15,000. మూడూ వాడుకలో ఉన్న పద్ధతులే. మీది ఏదో చెప్పకపోతే వెండర్ తన సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్నదాన్ని వాడేస్తాడు. ఓవర్‌టైమ్, బకాయిలు, అడ్వాన్సు కోతలు, మధ్యలో మానేసినవాళ్ల లెక్క కూడా ఇలాగే ఒక్కోటి ఒక్కో ఉదాహరణతో రాయండి.

తర్వాత పారలల్ రన్. కనీసం రెండు నెలలు జీతాలు పాత పద్ధతిలోనే ఇస్తూ, అవే వివరాలతో వెండర్ చేత విడిగా లెక్క కట్టించాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మొత్తం కలిసింది కదా అని సంతకం పెట్టేస్తారు. ఒకరి ఓవర్‌టైమ్ 1,500 పొరపాటున ఇంకొకరి ఖాతాలో పడిందనుకోండి, మొత్తం చిల్లరతో సహా సరిపోతుంది, ఇద్దరి జీతాలు మాత్రం తప్పు. అందుకే ఉద్యోగి నంబరు వారీగా స్థూల జీతం, కోతలు, నికర జీతం మూడూ పక్కపక్కన పెట్టి తేడా తీయండి. రౌండింగ్ వల్ల వచ్చే 1 రూపాయి లోపు తేడా వదిలేయొచ్చు. మిగతా ప్రతి తేడాకూ కారణం రాయాలి: వివరం తప్పా, నియమం తప్పా, సమాచారం ఆలస్యంగా అందిందా? పాత లెక్కే తప్పని తేలడమూ మామూలే. అప్పుడు ఆ తప్పును కొత్త పద్ధతిలోకి మోసుకెళ్లకండి, సరిదిద్ది ఆ ఉద్యోగికి చెప్పండి. ఆ రెండు నెలల్లో ఎవరూ చేరకపోతే, మానకపోతే, డమ్మీ పేర్లతో అలాంటి కేసులు కల్పించి నడిపించాలి.

క్యాలెండర్‌ను జీతం రోజు నుంచి వెనక్కి కట్టండి. జీతం 30న అయితే హాజరు, సెలవుల వివరాలు 23న మూసేయాలి. 25న వెండర్ నుంచి ముసాయిదా జీతాల రిజిస్టర్ రావాలి. 26న మీ తనిఖీ, 27న ఆమోదం, 28న బ్యాంకు ఫైలు. మధ్యలో సెలవు తగిలితే అన్నీ అంతకు ముందు తేదీలకు జరుపుకోవాలి, ఆమోదానికి పెట్టుకున్న రోజును మాత్రం మింగేయకూడదు.

26న చూడాల్సింది మొదట తలల లెక్క. కిందటి నెల 200, చేరినవారు 6, మానినవారు 4 అయితే రిజిస్టర్‌లో 202 ఉండాలి. ఆపై ఒకే బ్యాంకు ఖాతా రెండు ఉద్యోగి నంబర్లకు ఉందేమో, కిందటి నెలకన్నా 10 శాతానికి మించి మారిన జీతాలేవో చూడండి.

చెల్లింపుకు బ్యాంకులో ఇచ్చే తుది ఆమోదం మాత్రం ఎప్పటికీ మీ దగ్గరే ఉండాలి. ఖాతా నంబరు మార్చమని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లోని ఫోన్‌కు కాకుండా మీ పాత రికార్డులోని నంబరుకు చేసి ఉద్యోగితోనే మాట్లాడండి. జీతాన్ని దారి మళ్లించే మోసం జరిగేది ఈ దారిలోనే.

ఇక ఒప్పందంలోని కొలత. ‘99 శాతం ఖచ్చితత్వం’ అని రాసి ఉంటే దేనిలో శాతమో అడగండి. 200 మందిలో ఒక్కొక్కరి జీతపు చీటీలో 20 గడులు ఉంటే మొత్తం 4,000. ఒక శాతమంటే 40 గడులు. అవి 40 మంది జీతపు చీటీల్లో పడితే ఐదోవంతు మందికి తప్పు జీతం అందినా వెండర్ మాట నిలబెట్టుకున్నట్టే. కాబట్టి ‘మొదటిసారే పూర్తిగా సరిగ్గా వచ్చిన జీతపు చీటీలు’ అని కొలత రాయించండి. వివరాలు మీరు ఆలస్యంగా పంపితే గడువు ఎలా జరుగుతుందో కూడా అందులోనే ఉండాలి.

వెండర్ నియంత్రణలపై, అంటే తప్పులు జరగకుండా అతను పెట్టుకున్న ఏర్పాట్లపై, ఆడిట్ రిపోర్టు అడిగేటప్పుడు ఎస్‌ఓసీ 1 టైప్ 2 అనే రకం అడగండి. టైప్ 1 ఒక్క తేదీ నాటి ఏర్పాట్లనే చూస్తుంది, టైప్ 2 కొన్ని నెలల పాటు అవి పనిచేశాయో లేదో పరీక్షిస్తుంది. అందులో వెండర్‌కు పని ఇచ్చిన కంపెనీ తన వైపు చేసుకోవాల్సిన తనిఖీల జాబితా ఉంటుంది. మొదట అదే చదవండి.

అభ్యాసం: మీ కిందటి నెల రిజిస్టర్ తీసి, మామూలు లెక్కకు లొంగని జీతాలెన్నో లెక్కపెట్టండి. ఒక్కోదానికి వర్తించిన నియమం రాయండి. నియమం దొరకని వరుసల పక్కన చుక్క పెట్టి ఉంచండి, 4వ పాఠం వాటితోనే మొదలవుతుంది.