బాన్షీని బెజవాడకి తేవాలంటే: చావు కబురు మోసేవాళ్ళ మీద ఫాంటసీ నవల రాసే పద్ధతి

చావు రాబోతోందని ఏడ్చి చెప్పే బాన్షీలు, ప్రాణాలు తీసుకెళ్ళే రీపర్లు, కంటికి కనపడని మరో లోకం. ఈ మూడింటితో తెలుగులో మొదలైన నవల చతికిలబడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. ఎక్కడో ఐర్లండ్‌లో ఏడ్చే ఆడమనిషికి కృష్ణ ఒడ్డున ఏం పని అని పాఠకుడు అడుగుతాడు, రచయిత దగ్గర జవాబుండదు. అందుకే మొదటి అధ్యాయం కంటే ముందు ఆ జవాబు రాసిపెట్టుకోండి.

ముందు బాన్షీ లక్షణాలు చెడగొట్టకండి. ఐరిష్ జానపదుల నమ్మకంలో ఆమె ఎవరినీ చంపదు. పాత గేలిక్ వంశాలను, ముఖ్యంగా ఇంటిపేరు ముందు 'ఓ', 'మాక్' ఉండే కుటుంబాలను అంటిపెట్టుకుని, ఆ ఇంట్లో చావు రాబోతోందని ముందే ఏడ్చి చెబుతుంది. ఆమె చేత హత్యలు చేయించారంటే మీ చేతిలో మిగిలేది మామూలు దెయ్యం కథ, రీపర్లకి పని కూడా ఉండదు.

వంశాన్ని అంటిపెట్టుకునేది కాబట్టి వంశం వలస వస్తే ఆమె కూడా వస్తుంది. మనకి సరిపోయే చరిత్ర సిద్ధంగా ఉంది. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చేసింది. 1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులుతో పోయి మహా కరువొచ్చింది. 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. ఐర్లండ్ కరువు తప్పించుకుని వచ్చి ఆనకట్ట పనిలో చేరిన ఓ ఐరిష్ మేస్త్రీని కల్పించండి. అతని సంతతి తర్వాత రైల్వే ఉద్యోగాల్లో స్థిరపడి ఇక్కడే ఉండిపోయిందనుకోండి. ఇప్పుడు సత్యనారాయణపురం రైల్వే కాలనీలో అర్ధరాత్రి ఏడుపు వినపడితే దానికి అర్థం ఉంటుంది.

రీపర్ల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు వేషం. నల్ల ముసుగు, పొడుగు కొడవలి పట్టుకున్న అస్థిపంజరం 14వ శతాబ్దపు ప్లేగు కాలం నుంచి యూరప్ బొమ్మల్లో బలపడిన రూపం. ఆ కొడవలి నిలబడి కోసేది. మన డెల్టాలో వరి కోసేది వంగి, చేతి కొడవలితో. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో నల్ల ముసుగు వేసుకుని బీసెంట్ రోడ్డులో తిరిగేవాణ్ణి ఎవరూ నమ్మరు. మన యమభటుల చేతిలో ఉండేది పాశం, వాళ్ళ వెనక చిత్రగుప్తుడి చిట్టా ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, వాళ్ళని వాదించి ఆపొచ్చు. భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడి దగ్గర విష్ణుదూతలు చేసింది అదే. కత్తి యుద్ధం కన్నా ఆ వాదన మీ పతాక సన్నివేశానికి ఎంతో బలం.

రీపర్లకి హద్దులు గీయండి. ఏరు ఇవతల బెజవాడ వైపు తూర్పు డెల్టా, అవతల సీతానగరం వైపు పడమటి డెల్టా. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. 35వ గేటు దాటితే అవతలి వాళ్ళ ఇలాకా. బ్యారేజీ మధ్యలో ప్రాణం పోతే తీసుకెళ్ళేదెవరు? ఈ ఒక్క తగాదా మీద మూడు అధ్యాయాలు నడుస్తాయి. మాటలోనూ తేడా చూపించండి. గుంటూరు వైపు భటుడు "ఏందయ్యా, మా గేటు కాడికి వచ్చావే" అంటే, ఇవతలి పెద్దాయన "హద్దు మీరే చూసుకోండి బాబూ" అంటాడు.

దాగున్న లోకాన్ని గాల్లోంచి సృష్టించనక్కర్లేదు. మంగళగిరి కొండ మీద పానకాల స్వామి గుడి దగ్గర ఒక బిలం ఉంది. అందులోంచి ఋషులు ఉండవల్లి గుహలకి నడిచెళ్ళి కృష్ణలో స్నానం చేసేవారని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మధ్యాహ్నం దాటాక కొండ మీద పూజలుండవు, రాత్రి దేవతలు కొలుస్తారని నమ్మకం. అంటే మీ ద్వారానికి పనివేళలు కూడా ఊరే ఇచ్చింది. పానకాల స్వామి పానకంలో సగం తీసుకుని సగం తిరిగిచ్చేస్తాడు. మీ లోకానికి కావలసిన మూల సూత్రం ఇదే: లోపలికి వెళ్ళినవాడు తనదైనదేదో సగం వదలాలి. సగం గొంతు, సగం పేరు, అమ్మ ముఖంలో సగం. ఏది వదలాలో మొదటి అధ్యాయంలోనే తేల్చి కాగితం మీద పెట్టండి, నవల అయ్యేదాకా మార్చొద్దు. సూత్రానికి మినహాయింపు ఇచ్చిన రోజు నుంచి ప్రమాదాలన్నీ ఉత్తుత్తివైపోతాయి. స్వామిని మాత్రం పాత్ర చేయకండి. దారి గురించిన నమ్మకం వరకే వాడుకోండి.

ఇక అసలు పని, ఏడుపు. "కెవ్వుమని అరిచింది" అని రాస్తే పేజీ అక్కడే చచ్చిపోతుంది. పల్లెల్లో శవం దగ్గర పెద్దాడవాళ్ళు రాగాలు తీసి శోకాలు పెట్టే తీరుని పట్టుకోండి. ముందు వరసతో ఓ పిలుపు, తర్వాత పోయినవాడి ఇష్టమో అలవాటో ఒకటి, ఆ పైన నిష్ఠూరం, మళ్ళీ పిలుపు. మామూలు శోకం జరిగిపోయినదాన్ని చెబుతుంది: "పోయావా నాయనా". బాన్షీ శోకం జరగబోయేదాన్ని చెప్పాలి: "కాలవ గట్టున గాలి చాలదనేవాడివి, గాలే లేని చోటికి రేపెట్టా పోతావు నాయనా". ఆ "పోతావు" దగ్గర పాఠకుడికి వెన్ను జలదరించాలి. ఇంట్లో అందరికీ వినపడినా చావబోయేవాడికి మాత్రం వినపడకూడదని పెట్టుకోండి. అన్నం వడ్డిస్తున్న అక్కకి తెలుసు, తింటున్న తమ్ముడికి తెలియదు. ఏడుపు నవల మొత్తంలో నాలుగుసార్లు మించనివ్వకండి. ఐదోసారికి అది అలారం మోతైపోతుంది.

దువ్వెన కూడా వదలొద్దు. బాన్షీ దువ్వెనని ఎవరైనా తీసుకుంటే వాళ్ళ ఇంటికి ఆమె వచ్చి ఏడుస్తుందని, దాన్ని పట్టకారుతో కిటికీలోంచి అందిస్తే పట్టకారు వంగిపోయి తిరిగొచ్చిందని ఐరిష్ కథలు చెబుతాయి. దీపాలు పెట్టే వేళ తల దువ్వుకోకూడదని మన ఇళ్ళలో అంటారు కాబట్టి ఈ సన్నివేశం ఇక్కడ ఇట్టే అతుకుతుంది.

కాలానికి మహాలయ అమావాస్య నుంచి దీపావళి అమావాస్య దాకా తీసుకోండి. పితృదేవతలు వచ్చే రోజుకీ, గోగు కాడలకి నూనె గుడ్డలు చుట్టి దివిటీలతో వాళ్ళకి తిరుగు దారి చూపించే రోజుకీ మధ్య సరిగ్గా ఒక చాంద్రమాసం. 2024లో అయితే అక్టోబరు 2న మొదలై 31న ముగుస్తుంది. 31 రాత్రే ఐరిష్‌వాళ్ళ సావిన్ పండుగ, రెండు లోకాల మధ్య తెర పలచబడే రాత్రి. అధ్యాయానికి రోజు చొప్పున 30 అధ్యాయాలు, ఒక్కోటి సుమారు 2,000 పదాలు. అక్టోబరు 12 దసరా తర్వాత కథ జారిపోతుంది, ఎందుకంటే ఇంద్రకీలాద్రి మీద జనసందోహం అయ్యాక ఊరే అలిసిపోతుంది. బ్యారేజీ తగాదాని అక్కడికి జరపండి.

ఆ ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ చావుల్ని రీపర్ల ఖాతాలో వేయకండి. నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు చదువుతారు. గోడల మీద నీటి చారిక చూపించి ముందుకెళ్ళండి.

రాతప్రతి యూనికోడ్‌లో టైప్ చేయండి. ప్రెస్సులో డీటీపీకి వాడే అను ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, ముఖ్యంగా రీపర్ లాంటి అరువు మాటల్లో పొల్లులు ఎగిరిపోతాయి. ప్రూఫులు రెండుసార్లు చూడండి, ఒకసారి కేవలం పేర్ల కోసం.