పాత సాక్ష్యాలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: అచ్చుకాని ప్రశ్నలు

పాత ప్రభుత్వ నివేదిక ఏదైనా చేతికొస్తే ముందు ఏం చూడాలో గత రెండు పాఠాల్లో చెప్పుకున్నాం. దాన్ని ఎవరు వేయించారు, ఎప్పుడు, ఏం తేల్చడానికి అన్నవి తెలిశాకే లోపలికి వెళ్లాలి. ఈసారి లోపలికే వెళ్దాం. సాక్షి మాటగా అచ్చయిన పేరా ఒకటి తీసుకుని, అందులో కనపడని ప్రశ్నలను బయటికి లాగడమే ఈ పాఠంలో పని. నోట్‌బుక్, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

మనం చదవబోయేది 1842లో బ్రిటన్‌లో వెలువడిన గనుల నివేదిక. అంతకు నాలుగేళ్ల ముందు, 1838 జులైలో, యార్క్‌షైర్‌లోని సిల్క్‌స్టోన్ దగ్గర కుండపోత వానకు హస్కర్ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 26 మంది పిల్లలు చనిపోయారు. 1840లో పార్లమెంటు సభ్యుడు లార్డ్ ఆష్లీ చొరవతో, పనిచేసే పిల్లల స్థితిగతులపై విచారణ సంఘం ఏర్పడింది. దాని తరఫున సబ్ కమిషనర్లు బొగ్గు ప్రాంతాలన్నీ తిరిగారు. పిల్లల్ని, ఆడవాళ్లని, యజమానుల్ని, డాక్టర్లని ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నారు. ఆ పిల్లల సాక్ష్యాలు చాలావాటిలో ప్రశ్నలు అచ్చు కాలేదు, జవాబులే మిగిలాయి. అందుకని ఆ పిల్లలు తమంతట తామే కూర్చుని కథంతా చెప్పుకున్నట్టు ఉంటుంది. కొత్తగా చదివేవాళ్లు పొరపడేది ఇక్కడే.

హాలిఫాక్స్ ప్రాంతంలో శామ్యూల్ స్క్రివెన్ అనే సబ్ కమిషనర్ నమోదు చేసిన పేషెన్స్ కెర్షా సాక్ష్యం చూద్దాం. ఆమెకు 17 ఏళ్లు. బొగ్గు నింపిన తొట్టెలను సొరంగాల్లో తోసుకుంటూ పోవడం ఆమె పని. ఆమె చెప్పిందాంట్లో కొంత భాగం తెలుగులో:

“నాన్న పోయి ఏడాది కావస్తోంది. అమ్మకు పదిమంది పిల్లలం. నేను పగటి బడికి ఎప్పుడూ పోలేదు. ఆదివారం బడికి వెళ్తాను గానీ చదవడం, రాయడం రాదు. పొద్దున అయిదింటికి గనిలోకి పోతాను, సాయంత్రం అయిదింటికి బయటికొస్తాను. మధ్యాహ్నానికి రొట్టె తీసుకెళ్లి పనిలోనే తింటాను, తినడానికని ఆగను. నెత్తిమీద జుట్టు ఊడింది తొట్టెలు నెట్టడం వల్లే. నా కాళ్లు ఎప్పుడూ వాయలేదు. పని చురుగ్గా చేయకపోతే ఒక్కోసారి కొడతారు. గనిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. బొగ్గు గని కన్నా మిల్లులో పని చేయడమే నాకిష్టం.”

ఒకసారి పెన్సిల్ పట్టుకోకుండా చదవండి. రెండోసారి ప్రతి వాక్యం పక్కనా దానికి ముందు ఏ ప్రశ్న అడిగి ఉంటారో రాయండి. “నా కాళ్లు ఎప్పుడూ వాయలేదు” దగ్గర కాసేపు ఆగండి. అడగకుండా ఎవరూ అలాంటి మాట చెప్పరు. “కాళ్లు వాస్తాయా?” అని ఆయన అడిగాడు, ఈమె లేదంది. అంటే గని పని వల్ల కాళ్లు వాస్తాయన్న అనుమానంతోనే ఆయన వచ్చాడు. “తినడానికని ఆగను” వెనక భోజన విరామం గురించిన ప్రశ్న ఉంది. “ఆడపిల్లను నేనొక్కదాన్నే” వెనక ఉన్నది నీతికి సంబంధించిన ఆరా. గనిలో మగవాళ్లు ఒంటిమీద బట్టల్లేకుండా పనిచేస్తారని, మగపిల్లలు తనతో హద్దుమీరి ప్రవర్తిస్తారని కూడా ఆమె చెప్పింది. విక్టోరియా కాలపు మధ్యతరగతిని అన్నిటికన్నా కుదిపేసింది ఈ భాగమే.

ఇప్పుడు కాళ్ల సంగతికే మళ్లీ వద్దాం. అదే సాక్ష్యంలో, అక్కచెల్లెళ్లలో ఒకామె చల్లటి నీళ్లలో తొట్టెలు తోసి కాళ్లు వాచి, గని మానేసి మిల్లుకు పోయిందని పేషెన్స్ ముందు చెబుతుంది. కాసేపటికి, అక్కచెల్లెళ్ల కాళ్లు వాచింది మిల్లుకు పోయాకే అంటుంది. రెండూ పొసగవు. మీకు నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేయకండి. ఆమె తడబడిందో, రాసుకున్నాయన తప్పు విన్నాడో ఆ కాగితం మీద తేలదు. రెండూ నోట్ చేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి. చరిత్ర చదవడంలో నిజాయితీ అంటే నా లెక్కలో ఇదే.

అంకెల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్న ప్రతుల్లో ఒక్కో తొట్టె బరువు 300 హండ్రెడ్‌వెయిట్లు అని ఉంటుంది. ఒక హండ్రెడ్‌వెయిట్ 112 పౌండ్లు, అంటే దాదాపు 51 కిలోలు. గుణించి చూడండి, 15 టన్నులు దాటుతుంది. ఏ మనిషీ తోయలేడు. 3 అనుకుంటే 152 కిలోలు, అది నమ్మదగిన బరువు. రోజుకు 11 తొట్టెలు, భూమి లోపల మైలుకు పైగా పోయి రావడం అని కూడా ఉంది. పోనూ రానూ కలిపి మైలా, ఒక్కో వైపు మైలా అన్నది స్పష్టంగా లేదు. మొదటి లెక్కన రోజుకు దాదాపు 18 కిలోమీటర్లు, రెండో లెక్కన 35. తక్కువ లెక్కే తీసుకున్నా, 17 ఏళ్ల పిల్ల, బొగ్గు తవ్వేచోట నడుముకు బెల్టూ గొలుసూ కట్టుకుని, పన్నెండు గంటలు. పెంచి చెప్పాల్సిన అవసరమే లేదు.

సాక్ష్యం అయ్యాక స్క్రివెన్ తన మాటగా ఒక వ్యాఖ్య చేర్చాడు. ఈ పిల్ల అజ్ఞాని, మురికిగా, చినిగిన బట్టలతో చూడటానికి ఘోరంగా ఉందని, ప్రెయిరీల్లోని (ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లోని) అనాగరికులు సైతం చూసి నివ్వెరపోతారని రాశాడు. ఇది వేరే రంగు పెన్సిల్‌తో గీయాల్సిన చోటు. ఆమెకు మేలు జరగాలనే విచారణలోనే ఆమెను ఇలా రాశారు. పనిలో పనిగా సముద్రం అవతలి ఇంకో జాతినీ కించపరిచారు. జాలి, చిన్నచూపు ఒకే కలంలోంచి రావడం ఆ కాలపు సంస్కరణల్లో పదేపదే కనిపిస్తుంది. నాకైతే ఈ వాక్యం ఎప్పుడు చదివినా కోపం వస్తుంది. అయినా నివేదికను పక్కన పెట్టేయలేం, ఎందుకంటే ఆ పిల్ల గొంతు మనదాకా వచ్చింది ఆయన రాసుకున్నందువల్లే.

నివేదిక వచ్చిన కొద్ది నెలలకే, 1842 ఆగస్టు 10న గనుల చట్టం వచ్చింది. ఆడవాళ్లు, ఆడపిల్లలు, పదేళ్లలోపు మగపిల్లలు భూమి లోపల పనిచేయకూడదన్నారు. ఆష్లీ మొదట అడిగింది 13 ఏళ్ల పరిమితి, ప్రభువుల సభలో అది 10కి దిగింది. పని పోయిన ఆడవాళ్లకు చట్టం పరిహారమేమీ చూపలేదు. పేషెన్స్ చివరి మాట ఇప్పుడు మళ్లీ చదవండి. ఆమె ముందున్నవి రెండే దారులు, మిల్లు లేదా గని. చట్టం అందులో ఒకదాన్ని మూసేసింది.

అభ్యాసం. అదే నివేదికలో ఎనిమిదేళ్ల శారా గూడర్ సాక్ష్యం ఉంది. గాబర్ గనిలో గాలి ఆడేందుకు పెట్టిన తలుపులు తెరిచి మూయడం ఆమె పని. సారాంశం ఇది: పని అలసట అనిపించదు, కానీ దీపం లేకుండా కూర్చోవాలి, భయమేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి, ఒక్కోసారి మూడున్నరకే వెళ్తుంది. ఎప్పుడూ నిద్రపోదు. వెలుతురుంటే అప్పుడప్పుడు పాడుతుంది, చీకట్లో పాడే ధైర్యం చాలదు. ఆదివారం బడికి వెళ్తుంది.

ప్రతి మాటకూ ప్రశ్న రాయండి. “నిద్రపోను” అన్న జవాబును ఎవరికి భయపడి చెప్పి ఉండొచ్చో ఆలోచించండి. అడగకపోయినా ఆమె తనంతట తాను చెప్పిందని మీకు గట్టిగా అనిపించిన మాట ఒక్కటి గుర్తించి, ఎందుకలా అనిపించిందో రెండు వాక్యాల్లో రాయండి.

వచ్చే పాఠంలో అమెరికా వెళ్దాం. 1908 నుంచి జాతీయ బాల కార్మిక సంఘం కోసం లూయిస్ హైన్ తీసిన ఫోటోలు, వాటి కింద ఆయన రాసిన వివరాలు చూస్తాం. ఫోటోకూ, దాని కింది రాతకూ మధ్య తేడాను ఎలా పట్టుకోవాలన్నది అక్కడి పని.