దిద్దిన స్లిప్‌టెస్ట్ పేపర్లు పిల్లల చేతికి ఎలా ఇవ్వాలి

దిద్దిన పేపర్ చేతికి రాగానే పిల్లల చూపు ముందు పైన ఉన్న అంకె మీదికి పోతుంది. తర్వాత "నీకెన్నిరా?" అని పక్కవాడిని అడుగుతారు. ఆ తర్వాత పేపర్ మడతపడి పుస్తకంలోకి వెళ్లిపోతుంది. మార్కు తెలిశాక లోపల చదవాల్సింది ఏమీ మిగల్లేదనుకుంటారు. మీరు లైను లైనుకూ దిద్దిన శ్రమంతా మడతలోనే ఉండిపోతుంది. పాఠం ఎవరికి ఎక్కడ తెగిందో తెలిసేది ఆ దిద్దిన లైన్లలోనే గనుక, పేపర్లు పంచే రోజుకు కొత్త పాఠం చెప్పే రోజుకున్నంత సిద్ధపాటు కావాలి.

మార్కు, వ్యాఖ్య కలిపి ఇస్తే ఏమవుతుందో ఇజ్రాయెల్ బడి పిల్లలతో పరిశోధకురాలు రూత్ బట్లర్ చేసిన అధ్యయనం 1988లో చూపించింది. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, మరికొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగ్గా చేసింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే వచ్చినవాళ్లలాగే ఉండిపోయారు. అందుకే ఈ పద్ధతిలో మొదటి రోజు మార్కు చెప్పం.

ఉదాహరణకు 8వ తరగతి గణితం తీసుకుందాం. ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాల మీద 20 మార్కుల పరీక్ష, 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్. సైన్సుకైనా సోషల్‌కైనా క్రమం ఇదే.

దిద్దేటప్పుడు

మార్కులు రిజిస్టర్‌లో మాత్రమే వేసుకోండి, పేపర్ మీద వద్దు. తప్పు లెక్క మొత్తాన్ని కొట్టేయకుండా, తప్పు మొదలైన లైను పక్కన ఎర్ర చుక్క ఒకటి పెట్టండి. "ఒక సంఖ్య మూడు రెట్లకు 7 కలిపితే 22" అన్న లెక్కలో 7ను కుడివైపుకు పక్షాంతరం చేస్తూ గుర్తు మార్చడం మరిచిన పిల్లవాడికి మూడు రెట్లు 29 అని వస్తుంది. చుక్క పడాల్సింది ఆ లైను దగ్గర. కింద జవాబు దగ్గర ఇంటూ పెడితే లెక్కంతా తప్పనుకుని వదిలేస్తాడు.

పేపర్‌కు ఒక వ్యాఖ్య చాలు, అది ప్రశ్న రూపంలో ఉంటే మంచిది. "ఇంకా బాగా చదవాలి" అన్నది పిల్లవాడికి ఏ పనీ చెప్పదు. "3వ లైనులో 7 అవతలికి వెళ్తే గుర్తు ఏమవుతుంది?" అంటే వెంటనే పెన్సిల్ తీస్తాడు. పేపర్‌కు నిమిషం చొప్పున 40 నిమిషాలు అదనంగా పడుతుంది. అంత వీలు లేకపోతే చుక్కలు మాత్రం వదలకండి, వ్యాఖ్యలు సగం మందికి ఈసారి, మిగతా సగానికి వచ్చేసారి రాయండి.

దిద్దుతూనే ఒక కాగితం మీద తప్పుల పట్టీ రాసుకోండి. ఏ తప్పు ఎంతమంది చేశారో గీతలతో లెక్క పెట్టుకుంటే చాలు. పేర్లు అక్కర్లేదు.

రెండు మూడు రోజుల్లోపే పేపర్లు ఇచ్చేయాలి. వారం దాటితే తానలా ఎందుకు రాశాడో పిల్లవాడికే గుర్తుండదు.

పంచే పీరియడ్

మార్కులు ఇప్పుడే చెప్పరన్న సంగతి పరీక్షకు ముందే చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు చెబితే, ఏదో దాస్తున్నారన్న అనుమానంతో సగం పీరియడ్ "సార్, మార్కులు చెప్పండి సార్" దగ్గరే అయిపోతుంది.

పేపర్లను హాజరు వరుసలో పేర్చి, మడిచి, బెంచీల దగ్గరికి వెళ్లి ఇవ్వండి. ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు పేర్చి పేర్లు పిలిచే అలవాటు చాలా బడుల్లో ఉంది. ఆ కట్ట సగానికి వచ్చేసరికి ఇంకా పేరు రానివాళ్ల ముఖాలు చూస్తే చాలు, ఆ అలవాటు ఎందుకు మానాలో తెలుస్తుంది. తన పేరు చివర వస్తుందని తెలిసిన పిల్లవాడు వచ్చే పరీక్ష రోజు బడికే రాకపోవచ్చు, లేదా పక్కవాడి పేపర్‌లో చూసి రాస్తాడు. బడిలో పిల్లలను మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

పంచడానికి 5 నిమిషాలు. తర్వాత 5 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తమ పేపర్ తామే చదువుకోవాలి. ప్రతి చుక్క పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం రాయమనండి: తొందరలో తప్పితే "తొ", అసలు తెలియకపోతే "తె", ప్రశ్న అర్థం కాకపోతే "ప్ర", టైము చాలకపోతే "టై".

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అందరూ "తొ" రాసేస్తారు. "సిల్లీ మిస్టేక్ సార్" అనడం తెలియదని ఒప్పుకోవడం కంటే తేలిక గదా! దానికి ఒక నియమం పెట్టండి: ఒకే రకం తప్పు పేపర్‌లో రెండుచోట్ల ఉంటే అది "తొ" కాదు, "తె". గుర్తు ఒకచోట మరిస్తే తొందర, మూడు లెక్కల్లోనూ మరిస్తే పక్షాంతరం అంటే ఏమిటో తెలియలేదన్నమాట.

"ప్ర" ఎక్కువగా వచ్చిన ప్రశ్నను జాగ్రత్తగా చూడండి. ఇంగ్లిష్ మీడియంలో ఇది తరచూ కనిపిస్తుంది. రెండు "కన్సిక్యూటివ్ ఈవెన్ నంబర్స్" మొత్తం 46 అన్నప్పుడు కొందరు మొదటి సంఖ్యకు 2 బదులు 1 కలుపుతారు. మొదటి సంఖ్య 22½ వస్తుంది, అది సరిసంఖ్య ఎలా అవుతుందని ఆగి చూడరు. ఆ పిల్లలకు సమీకరణం సాధించడం వచ్చు, తెలియంది ఆ మాటే. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకం చేతిలో ఉంటే "వరుస సరిసంఖ్యలు" అన్న చోటు చూపించండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

తర్వాతి 12 నిమిషాలు సరిదిద్దుకోవడానికి. పాత లైను చెరపకూడదు, పక్కనే కొత్తగా చేయాలి. పక్కవాళ్లతో మాట్లాడుకోవచ్చు గానీ కాపీ చేయకూడదు. జవాబును మొదటి వాక్యంలో వేసి సరిచూడమనండి. 29లో మూడో వంతు జవాబని రాసిన పిల్లవాడు దాన్ని వెనక్కి వేసి చూస్తే 29కి 7 కలిసి 36 వస్తుంది, 22 రాదు. తప్పు తానే పట్టుకున్నవాడికి అది గుర్తుండిపోతుంది.

ఆ తర్వాత 10 నిమిషాలు బోర్డు. పట్టీలో ఎక్కువ గీతలు పడిన తప్పులు మూడు మాత్రమే తీసుకోండి. ఎవరి పేపరూ ఎత్తి చూపకుండా, అదే రకం తప్పు ఉన్న కొత్త లెక్క మీరే రాసి "ఇందులో ఎక్కడ తెగింది?" అని అడగండి. మీ తప్పు పట్టుకునే అవకాశం వస్తే చివరి బెంచీ కూడా చెయ్యెత్తుతుంది.

చీటీలు

చివరి 8 నిమిషాలు పిల్లల మాట వినడానికి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 40 మందికి పది కాగితాలు సరిపోతాయి. పేరు రాయొద్దు, తెలుగులో రాయవచ్చు. మూడే ప్రశ్నలు:

1. ఈ పరీక్షకు ఎలా సిద్ధమయ్యావు? నోట్సు చదివాను / చూడకుండా లెక్కలు చేశాను / గైడ్ చూశాను / చదవలేదు.
2. ఏ లెక్క మళ్లీ బోర్డు మీద చేయాలి? నంబర్ రాయి.
3. పాఠం చెప్పేటప్పుడు నేను ఏ ఒక్కటి మార్చుకోవాలి?

"పాఠం అర్థమైందా?" అని మాత్రం అడగకండి. అంతా "అర్థమైంది సార్" అనే రాస్తారు, దానితో మీకు పని జరగదు. లెక్క నంబర్ అడిగితే ఏదో ఒకటి రాయక తప్పదు. మొదటి ప్రశ్నలో "నోట్సు చదివాను" గీతలు ఎక్కువైతే కారణం దొరికినట్టే: వాళ్లు లెక్కలు చదివారు, చేయలేదు.

చీటీలు లీడర్ చేత సేకరించకండి. లీడర్ చదువుతాడన్న భయంతో నిజం రాయరు. మూత ఉన్న డబ్బా తలుపు దగ్గర పెట్టి, వెళ్తూ వెళ్తూ వేయమనండి. చేతిరాతను బట్టి ఎవరో వెతకొద్దు, ఒక్కసారి "ఇది నువ్వే కదూ రాసింది?" అంటే ఆ డబ్బా అక్కడితో సరి. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది.

చదివేటప్పుడు లెక్క నంబర్ల వారీగా కుప్పలు వేయండి. పది చీటీలు దాటిన లెక్క తరగతి మొత్తానికి మళ్లీ చెప్పాల్సిందే. అంతకంటే తక్కువైతే ఆ నంబర్ బోర్డు మీద రాసి, ఖాళీ పీరియడ్‌లో కావాల్సినవాళ్లను రమ్మనండి. మూడో ప్రశ్నకు "స్పీడుగా చెబుతున్నారు", "బోర్డుకు అడ్డం నిలబడుతున్నారు", "తప్పు చెబితే నవ్వనివ్వకండి" వంటివి వస్తాయి. నొప్పించే మాట ఒకటో రెండో ఉంటాయి, అవి కూడా దాచి రెండో రోజు మళ్లీ చదవండి.

మర్నాడు మార్కులు ఇస్తూ మూడు నిమిషాలు ఈ చీటీలకే జవాబు చెప్పండి. ఏది మారుస్తున్నారో, ఏది మార్చలేరో, ఎందుకో. ఈ జవాబు రాకపోతే వచ్చే పరీక్షకు చీటీలు ఖాళీగా వస్తాయి.

మార్కులు ఇచ్చాక

"స్టెప్ మార్కులు వేయలేదు సార్" అంటూ టేబుల్ చుట్టూ మూగేది ఎక్కువగా 18, 19 వచ్చినవాళ్లే. వాళ్లను తోసేయవద్దు, అక్కడికక్కడే మార్చనూ వద్దు. ఎన్నో ప్రశ్నకు ఎందుకు రావాలో పేపర్ వెనక ఒక వాక్యం రాసి ఇమ్మనండి. టోటల్ తప్పయితే మాత్రం వెంటనే సరిచేయండి.

సున్నా, ఒకటి వచ్చిన పిల్లవాడితో తరగతిలో మాట్లాడకండి. విడిగా కూర్చోబెట్టి ఒకే లెక్క నోటితో చేయించండి. నోటితో చెప్పగలిగితే అడ్డం రాతలోనో చదవడంలోనో ఉంది. చెప్పలేకపోతే కింది తరగతి పూర్ణసంఖ్యల లెక్క ఒకటి ఇచ్చి చూడండి. −3 లోంచి 5 తీసేస్తే −8 అని రానివాడికి పక్షాంతరం ఎన్నిసార్లు చెప్పినా అందదు, మొదలు అక్కడి నుంచే పెట్టాలి.

ఇంటర్ వారాంతపు పరీక్షలు గుండ్రాలు నింపే ఓఎమ్మార్ షీటు మీద ఉంటాయి గనుక చుక్కలు పెట్టే వీలు లేదు. అక్కడ ప్రశ్నపత్రం మీదే, జవాబు గుర్తించేటప్పుడు పక్కన 1, 2, 3 వేయమనండి: తెలుసు, సందేహం, గుడ్డిగా పెట్టాను. కీ వచ్చాక ముందు చూడాల్సింది 1 వేసి తప్పైన ప్రశ్నలు, ఎందుకంటే తప్పును నిజమని నమ్మింది అక్కడే. 3 వేసి ఒప్పైనవి మార్కు తెచ్చినా చదివినట్టు లెక్క కాదు. జేఈఈ మెయిన్‌లో, నీట్‌లో ఆప్షన్ల ప్రశ్న ఒప్పైతే 4, తప్పైతే మైనస్ 1 గనుక, 3 వేసినవాటిలో ఎన్ని మార్కులు వచ్చాయో ఎన్ని పోయాయో పిల్లల చేతే లెక్క వేయించండి.