గల్ఫ్ పెట్టెలో షార్ట్‌వేవ్ రేడియో

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు నుంచి గల్ఫ్ పోతూ షార్ట్‌వేవ్ సెట్టు (దూరదేశాల స్టేషన్లు పట్టే రేడియో) పట్టుకెళ్లేవాళ్లు, అక్కడ మొదటి రాత్రి గరగర తప్ప ఏమీ వినబడకపోతే సెట్టు పాడైందనుకుంటారు. చాలాసార్లు సెట్టు బాగానే ఉంటుంది. ఇనుప రేకుల క్యాబిన్ సిగ్నల్‌ను ఆపేస్తుంది, పక్కన గుచ్చిన ఫోన్ ఛార్జర్ మిగిలినదాన్ని రొదలో ముంచేస్తుంది.

సెట్టు కొనేటప్పుడే బ్యాటరీ చూసుకోండి. టెక్‌సన్ కంపెనీ పీఎల్-330 సెట్టులో పడేది బీఎల్-5సీ, అంటే పాత నోకియా ఫోన్ల బ్యాటరీయే. పీఎల్-380కి మూడు ఏఏ సెల్లులు చాలు. విడి లిథియం బ్యాటరీలను చేతి బ్యాగులోనే పెట్టాలి, కొనలకు టేపు అంటించాలి. చెక్-ఇన్ లగేజీలో ఒప్పుకోరు. సెట్టుకు లాక్ వేయండి, లేకపోతే బ్యాగులో ఒత్తిడికి ఆన్ అయి దిగేసరికి బ్యాటరీ అయిపోతుంది. విమానంలో రేడియో ఆన్ చేయకండి: 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం వింటున్నప్పుడు మామూలు అనలాగ్ సెట్టులో లోపలి ఆసిలేటర్ (సొంతంగా తరంగం పుట్టించే భాగం) 110.7 మీద నడుస్తుంది, అది విమానాలకు దారి చూపే నావిగేషన్ సిగ్నళ్ల బ్యాండు.

బయల్దేరే ముందు ఇంటి డాబా మీద ఒక రాత్రి పరీక్ష చేయండి. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం పెట్టి సెట్టును మెల్లగా తిప్పండి. లోపల మీడియం వేవ్ ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఏ దిక్కుకు బాగా పట్టుతుందో తెలుస్తుంది. తర్వాత షార్ట్‌వేవ్‌లో 5000, 10000 కిలోహెర్ట్జ్ చూడండి. చైనా టైమ్ సిగ్నల్ బీపీఎం సెకనుకొక టిక్కు కొడుతుంది. ఆ టిక్కు వినబడితే షార్ట్‌వేవ్ భాగం బాగున్నట్టే. అక్కడికి పోయాక కూడా ఇదే వెతకండి.

ఏరియల్‌కు 7 మీటర్ల సన్నని ప్లాస్టిక్ తొడుగు వైరు చాలు. ఒక కొసన 2 సెంటీమీటర్లు తొడుగు ఒలిచి, రాగి పోగులను మెలిపెట్టి, క్రొకడైల్ క్లిప్పుకు టంకం వేయండి. వైరును అట్టముక్కకు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పడేయండి. చేతి బ్యాగులో వైరు చుట్ట కనిపిస్తే స్క్రీనింగ్‌లో బ్యాగు విప్పమంటారు. గదిలో క్లిప్పును సెట్టు ఏరియల్ కడ్డీకి తగిలించి, రెండో కొసను కిటికీ బయటికి వేలాడదీయండి. అల్యూమినియం ఫ్రేముకు చుట్టకండి. సెట్టును బ్యాటరీ మీదే నడుపుతూ ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటిగా ఆపితే రొద చేస్తున్నది ఏదో దొరుకుతుంది. వైరు తగిలించాక స్టేషన్లు కలగాపులగమైతే సెట్టుకు డీఎక్స్/లోకల్ స్విచ్ (దూరపు, దగ్గరి స్టేషన్లకు మార్చేది) ఉంటే లోకల్‌కు జరపండి. చవక అనలాగ్ సెట్లలో బలమైన స్టేషన్ అసలు చోటుకు 910 కిలోహెర్ట్జ్ కింద కూడా పలుకుతుంది, దాన్ని కొత్త స్టేషన్ అనుకోవద్దు.

స్టేషన్ల పట్టికలన్నీ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రమాణ సమయం) టైములో ఉంటాయి. 16:00 యూటీసీ అంటే వరంగల్‌లో రాత్రి 9:30, దుబాయ్, మస్కట్‌లో 8, రియాద్, కువైట్, దోహాలో 7. మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో ఫ్రీక్వెన్సీలు మారుతాయి, పాత పట్టిక పనికిరాదు. రాత్రి 5900–6200, 7200–7450, 9400–9900 కిలోహెర్ట్జ్ వెతకండి; పగలు 15100–15800, 17480–17900.

ఇసుక గాలి లేచినా, ఉరిమినా వైరు ఊడదీయండి. ఎగిరే ఇసుక రాపిడికి వైరులో చార్జి పేరుకుని, సెట్టులో ఏరియల్ పక్కనుండే మొదటి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.