కంటైనర్ నడుస్తోంది సరే, ధర తాజాదేనా? ఒరాకిల్ ఫీడర్‌ను డాకర్‌లో నడిపే పద్ధతి

బ్లాక్‌చైన్‌కు బయటి ధరలు అందించే ప్రోగ్రామ్‌ను ఒరాకిల్ ఫీడర్ అంటారు. నాదాన్ని డాకర్ కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో సహా విడిగా నడిపే పెట్టెలో, నడుపుతాను. ఆ రోజు డాకర్ పీఎస్ (నడుస్తున్న కంటైనర్ల జాబితా చూపే కమాండ్) కొట్టి చూస్తే నా ఫీడర్ కంటైనర్ ఎదురుగా ‘అప్ 11 డేస్’ అని ఉంది. పదకొండు రోజుల్లో ఒక్కసారీ పడిపోలేదు, లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు. కానీ ఒక ఎక్స్ఛేంజ్ నుంచి వస్తున్న ధర నలభై నిమిషాలుగా చివరి దశాంశం దాకా కదలకుండా అలాగే ఉంది. ధరలు ఆగకుండా అందాల్సిన వెబ్‌సాకెట్ కనెక్షన్ తెగలేదు. ‘ఉన్నావా’ అని పింగ్ పంపితే ‘ఉన్నా’ అని పాంగ్ వస్తూనే ఉంది. ధరలు రావడం మాత్రం ఆగిపోయింది. నా ప్రోగ్రామ్ చివరిసారి విన్న అంకెనే పట్టుకుని ప్రతి రౌండ్‌లోనూ (ధర పంపే ప్రతి విడతలోనూ) లెక్కలో వేసుకుంటూ పోయింది. మిగతా సోర్సులు బాగుండబట్టి చైన్‌కు వెళ్లిన ధర పెద్దగా తప్పలేదు గానీ, ఆ నలభై నిమిషాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే. ఫీడర్ ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. పాత ధరను కొత్తదన్నట్టు చెబుతూ పోతే వేలెత్తి చూపించేవాళ్లు కూడా ఉండరు. అందుకే ఇక్కడ ఇన్‌స్టాలేషన్ గురించి తక్కువ, ధరల గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు పనేమిటో ఒక్క ముక్కలో. స్మార్ట్ కాంట్రాక్ట్‌కు (చైన్ మీద నడిచే ప్రోగ్రామ్‌కు) చైన్ బయట ఏం జరుగుతోందో కనిపించదు. తాకట్టు మీద అప్పిచ్చే కాంట్రాక్ట్‌కు ఆ తాకట్టు విలువెంతో ఎవరో ఒకరు చెప్పాలి. ఫీడర్ నాలుగైదు చోట్ల ధరలు తెచ్చుకుని, పనికిరానివి తీసేసి, మిగిలిన వాటి మధ్యస్థ విలువ తీసి, తన కీతో (అకౌంట్ రహస్య తాళంతో) సంతకం చేసి చైన్‌కు పంపుతుంది. నేను నడిపేది కాస్మోస్ (చైన్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) తరహా చైన్‌లో వాలిడేటర్ (బ్లాకులను సరిచూసి ఆమోదించే నోడ్) తరఫున ఓటు వేసే ఫీడర్. ఈ పద్ధతి టెర్రా చైన్‌లో వాడుకలోకి వచ్చింది: మొదట ధరకు సాల్ట్ (ఎవరూ ఊహించలేని కొన్ని అక్షరాలు) కలిపి తీసిన హ్యాష్ (వెనక్కి తిప్పి చదవలేని ముద్ర) మాత్రమే పంపాలి, తర్వాతి పీరియడ్‌లో అసలు ధరనూ సాల్ట్‌నూ బయటపెట్టాలి. పక్కవాళ్ల ధర చూసి కాపీ కొట్టకుండా ఈ ఏర్పాటు. చైన్‌లింక్ అనే మరో ఒరాకిల్ నెట్‌వర్క్ నోడ్ అమరిక వేరు, దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా కావాలి. అయినా కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దానికీ పనికొస్తాయి.

కీతో మొదలుపెట్టండి. వాలిడేటర్ కీని ఫీడర్ ఉన్న సర్వర్ దరిదాపులకు రానివ్వకండి. విడిగా ఒక అకౌంట్ తెరిచి, ఓటు వేసే హక్కును మాత్రమే వాలిడేటర్ నుంచి దానికి అప్పగించండి. ఫీజుకు సరిపడా టోకెన్లకు మించి అందులో ఉంచొద్దు. ఆ కీ ఎవరి చేతిలో పడ్డా, హక్కును ఇంకో అకౌంట్‌కు మార్చేస్తే వాళ్ల ఆట కట్టు. కీరింగ్ (కీలు దాచే చోటు) పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెడితే కంటైనర్ వివరాలు చూపే డాకర్ ఇన్‌స్పెక్ట్ కొట్టగలిగిన ప్రతివాళ్లకూ కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఒప్పుకుంటే డాకర్ కంపోజ్ (కంటైనర్ అమరికను ఒక ఫైల్‌లో రాసుకునే సాధనం) సీక్రెట్స్ వాడి ఫైల్ రూపంలో అందించండి.

కంపోజ్ ఫైల్‌లో నేను తప్పకుండా చూసుకునేవి కొన్ని ఉన్నాయి. ఇమేజ్‌కు (కంటైనర్‌కు మూలమైన ప్యాకేజీకి) లేటెస్ట్ ట్యాగ్ ఎప్పుడూ రాయను, వెర్షన్‌తో పాటు డైజెస్ట్ (ఆ ఇమేజ్ హ్యాష్) కూడా రాస్తాను. డాకర్ మామూలుగా లాగ్ ఫైల్‌కు హద్దు పెట్టదు, డిస్క్ నిండేదాకా రాస్తూనే ఉంటుంది. అందుకే మ్యాక్స్ సైజ్ 50 మెగాబైట్లు, మ్యాక్స్ ఫైల్ 5 అని రాస్తాను. ఫీడర్ గణాంకాలు చూపే మెట్రిక్స్ పోర్ట్ బయటికి తెరిచేటప్పుడు ముందు 127.0.0.1 (ఆ సర్వర్‌కే పరిమితమైన చిరునామా) చేర్చడం మరవకండి. డాకర్ తన ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) రూల్స్ తానే రాసుకుంటుంది కాబట్టి, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మూసేశాం కదా అని నిశ్చింతగా ఉంటే పోర్ట్ ప్రపంచానికంతా తెరిచే ఉంటుంది. కంటైనర్‌కు సొంత గడియారం ఉండదు, హోస్ట్ గడియారమే దానిది. గడియారాన్ని సరిచేసే క్రోనీని హోస్ట్ మీదే నడపండి. కంటైనర్ 137 కోడ్‌తో ఆగిపోతే దాన్ని బలవంతంగా చంపేశారని అర్థం, చాలాసార్లు మెమరీ చాలకే అలా జరుగుతుంది.

ఆగిన కంటైనర్‌ను డాకర్ ఎప్పుడు మళ్లీ లేపాలో చెప్పే రీస్టార్ట్ పాలసీ దగ్గర నాకు గట్టి దెబ్బే తగిలింది. పాత సర్వర్‌లో ‘ఆల్వేస్’ అని పెట్టి ఉంది. కొత్త సర్వర్‌కు మారాక పాత కంటైనర్‌ను ఆపానే గానీ తీసేయలేదు. కొన్నాళ్లకు ఆ పాత సర్వర్ రీబూట్ అయింది. ఆల్వేస్ పాలసీలో మనం చేత్తో ఆపిన కంటైనర్ కూడా డాకర్ మళ్లీ మొదలైనప్పుడు లేచి కూర్చుంటుంది. ఒకే కీతో ఇద్దరు ఫీడర్లు ఓట్లు పంపడం మొదలైంది. ఒకరి ట్రాన్సాక్షన్ వెళితే రెండోవాళ్ల సీక్వెన్స్ నంబర్ (అకౌంట్ ట్రాన్సాక్షన్ల వరుస సంఖ్య) తప్పుతుంది. లాగ్ నిండా ‘అకౌంట్ సీక్వెన్స్ మిస్‌మ్యాచ్’ అనే వాక్యమే. తప్పు కొత్త సర్వర్‌లోనే ఉందనుకుని దాన్నే గంటసేపు తవ్వాను. ఇప్పుడు, చేత్తో ఆపినదాన్ని మళ్లీ లేపని ‘అన్‌లెస్ స్టాప్డ్’ వాడుతున్నాను. సర్వర్ మారితే పాత కంటైనర్‌ను డాకర్ ఆర్ఎమ్‌తో తీసేసి, కీ ఫైల్‌ను కూడా అక్కడినుంచి చెరిపేశాకే కొత్తది మొదలుపెడతాను.

సాల్ట్ సంగతి కూడా చూడండి. హ్యాష్ పంపిన తర్వాత, ధర బయటపెట్టేలోపు కంటైనర్ ఆగితే, మెమరీలో ఉన్న సాల్ట్ పోతుంది. ఆ రౌండ్ పోయినట్టే. ప్రోగ్రామ్‌కు సాల్ట్‌ను ఫైల్‌లో దాచుకునే సదుపాయం ఉంటే ఆ ఫోల్డర్‌ను వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా మిగిలే నిల్వలో) పెట్టండి. డాకర్ స్టాప్ కొట్టాక పది సెకన్లు మాత్రమే ఆగి చంపేస్తుంది. చేతిలో ఉన్న రౌండ్ ముగించుకుని ఆగే ప్రోగ్రామ్ అయితే ఆ గడువును 60 సెకన్లకు పెంచండి.

ఇక సోర్సులు. ఒక్కో జతకు (బిట్‌కాయిన్-డాలర్ లాంటిదానికి) కనీసం మూడు, వీలైతే ఐదు పెట్టుకోండి. అవి నిజంగా వేర్వేరువి కావాలి. రెండు ఎక్స్ఛేంజీలు, వాటి ధరలనే కలిపి చూపించే ఒక సైటు పెట్టుకుంటే మీ దగ్గర ఉన్నవి మూడు కాదు, రెండే. ఏ సోర్సు ధర ఏ కరెన్సీలో ఉందో, ఎన్ని దశాంశాలో ఒక్కొక్కటీ కళ్లతో చూసి సరిచూసుకోండి. 2021 సెప్టెంబర్ 20న పిత్ నెట్‌వర్క్ అనే ఒరాకిల్‌లో బిట్‌కాయిన్ ధర 5,402 డాలర్లని కనిపించింది. అప్పటికి బయట అది 40 వేల పైనే ఉంది. ధరలు పంపేవాళ్లలో ఇద్దరు దశాంశాల దగ్గర చేసిన పొరపాటే దానికి మూలం. అంతకుముందు 2019 జూన్‌లో సింథెటిక్స్ అనే ట్రేడింగ్ ప్రోటోకాల్‌లో కొరియన్ వాన్ ధరను ఒక సోర్సు వెయ్యి రెట్లు ఎక్కువగా ఇచ్చింది, ఒక ట్రేడింగ్ బాట్ క్షణాల్లో దాన్ని వాడేసుకుంది.

స్టేబుల్‌కాయిన్‌లో (డాలర్‌తో సమానంగా ఉండాల్సిన టోకెన్‌లో) ఉన్న ధరను డాలర్ ధరగా రాసుకోవడం కూడా అలాంటి పొరపాటే. 2023 మార్చి 11న యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ 88 సెంట్ల కంటే కిందికి దిగింది. దాన్ని ఒక డాలర్ అనుకున్న ఫీడర్లు ఆ రోజు యూఎస్‌డీసీలో తెచ్చుకున్న ప్రతి ధరనూ పెంచి చెప్పినట్టే. స్టేబుల్‌కాయిన్‌కు డాలర్ ధర విడిగా తెచ్చుకుని, దాంతో గుణించండి.

తర్వాత తాజాదనం. ప్రతి ధర పక్కనా ఎక్స్ఛేంజ్ ఇచ్చిన టైమ్‌స్టాంప్ ఉంచుకోండి. మనకు అందిన టైమ్ రాసుకుంటే లాభం లేదు, పాత సందేశం ఇప్పుడొచ్చినా కొత్తదైపోతుంది. బాగా ట్రేడయ్యే జతలకు నేను పెట్టుకున్న హద్దు 30 సెకన్లు. అది దాటిన సోర్సు ఆ రౌండ్‌లో లేనట్టే. మిగిలినవాటి మధ్యస్థ విలువకు 2 శాతం కంటే దూరంగా ఉన్నదాన్నీ తీసేస్తాను. చివరికి మూడు కంటే తక్కువ మిగిలితే ఆ జతకు ధర చెప్పను, అబ్‌స్టెయిన్ అవుతాను (ఓటుకు దూరంగా ఉంటాను). టెర్రా పద్ధతిలో ధర స్థానంలో సున్నా పంపితే అబ్‌స్టెయిన్ కిందికి వస్తుంది, ఓటు మిస్ అయినట్టు లెక్కించరు. మీ చైన్‌లో నియమం ఏమిటో తప్పకుండా చదవండి.

ఒక హెచ్చరిక: నిన్నటి ధర నుంచి ఇంతకంటే పడితే నమ్మను అనే హద్దు మాత్రం పెట్టకండి. 2022 మేలో టెర్రా చైన్ టోకెన్ లూనా కుప్పకూలినప్పుడు ఒక ఫీడ్ తన కనీస ధర హద్దు దగ్గర, సుమారు 10 సెంట్ల వద్ద ఆగిపోయింది. మార్కెట్ ఇంకా కిందికి పోయింది. ఆ తేడా వల్ల వీనస్ అనే అప్పుల ప్రోటోకాల్‌కు కోటి డాలర్లకు పైగా నష్టం వచ్చింది. పోల్చాల్సింది అదే క్షణంలో ఉన్న మిగతా సోర్సులతో. అన్నీ కలిసి పడుతుంటే ఆ పతనాన్ని ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే.

హెల్త్ చెక్‌లో ప్రాసెస్ బతికుందా అని అడగొద్దు. చైన్ ఒప్పుకున్న చివరి ఓటు ఎప్పటిది, ఒక్కో సోర్సు చివరి ధర ఎప్పటిది అని అడగండి. డాకర్ ఒక్కటే ఉంటే, అన్‌హెల్తీ అని రాస్తుందే గానీ కంటైనర్‌ను తిరిగి మొదలుపెట్టదు. కాబట్టి వేరే సర్వర్ నుంచి నిమిషానికోసారి చైన్‌లోని మిస్ కౌంటర్ (తప్పిన ఓట్ల లెక్క) చదివే చిన్న స్క్రిప్ట్ నడుపుతాను. వరుసగా మూడుసార్లు పెరిగితే నా ఫోన్ మోగుతుంది.

అసలు చైన్ మీదికి వెళ్లే ముందు టెస్ట్‌నెట్‌లో (పరీక్షల కోసం ఉండే చైన్‌లో) వారం రోజులు నడిపి, కావాలని పాడుచేసి చూడండి. నేనైతే ఒక దొంగ ఎక్స్ఛేంజ్ సర్వర్ రాసుకున్నాను. అది ఒక నిమిషం ధరలు పంపి, ఆ తర్వాత పాంగ్‌లు మాత్రమే పంపుతుంది. ఆ నలభై నిమిషాల్లో జరిగింది సరిగ్గా అదే. దాన్ని సోర్సుల్లో చేర్చి, 30 సెకన్లకు లాగ్‌లో ఆ సోర్సు పేరుతో హెచ్చరిక వచ్చిందో లేదో చూడండి. తర్వాత ఫైర్‌వాల్‌తో ఇంకో సోర్సును, ఇంకోదాన్ని ఆపండి. మూడు కంటే తగ్గగానే లాగ్‌లో అబ్‌స్టెయిన్ అని కనిపించాలి, చైన్‌లోనూ ఆ రౌండ్‌కు సున్నాయే నమోదై ఉండాలి. ఈ రెండూ మీ కళ్లతో చూసేదాకా మెయిన్‌నెట్ (అసలు చైన్) కీ ఆ సర్వర్‌లో పెట్టకండి.