రాగి హారానికి ఉప్పుగాలి గండం

వైజాగ్‌లో రాగిని పాడుచేసేది వాన ఒక్కటే కాదు, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి కూడా. మా ఇల్లు పెదవాల్తేరులో, బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరం. ఒక ఏడాది జూన్‌లో కిటికీ పక్కన మేకుకి హారం తగిలించి మర్చిపోయాను. నెలన్నర తర్వాత చూస్తే నీలం గాజు పూసలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి, వాటి మధ్య రాగి తీగ మాత్రం చిలుము పట్టి పచ్చగా ఉంది. అందుకే ఇలాంటి హారాలు ఉన్నవాళ్లు మే నెలాఖరులోనే ఒక పూట వాటికి కేటాయించుకోవాలి.

ముందు పూసల్ని వెలుతురుకి ఎదురుగా పెట్టి ఒక్కొక్కటే తిప్పి చూడండి. ఇవి గాజు కడ్డీని బర్నర్ మంటలో కరిగించి స్టీలు పుల్ల చుట్టూ చుట్టి చేసే పూసలు. మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేట పూసలు వేరు, అవి గాజుని గొట్టంలా సాగదీసి ముక్కలు కోసినవి. మంటలోంచి తీసిన పూసని కిల్న్‌లో, అంటే కరెంటు కొలిమిలో, సుమారు 500 డిగ్రీల వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చాలి. లేకపోతే లోపల బిగువు మిగిలిపోయి, నెలల తర్వాత కూడా తనంతట తానే పగలొచ్చు. రంధ్రం దగ్గర వెంట్రుకంత గీత కనిపిస్తే ఆ పూస తీసేయండి. రంధ్రంలో తెల్లపొడి ఉంటే అది పూస అతుక్కోకుండా పుల్లకి పూసిన లేపనం. తేమని పట్టి రాగికి అంటిస్తుంది. తడిపి, సన్న బ్రష్‌తో తీయాలి. పొడిగా ఉన్నప్పుడు గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చిలుముకి చింతపండు బాగానే పనిచేస్తుంది, ఇంట్లో రాగి చెంబుకి వాడినట్టే. కానీ పులుపు పూసల రంధ్రాల్లో మిగిలితే వారం తిరక్కుండా మళ్లీ పచ్చబడుతుంది. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టండి. వేడినీళ్లు వద్దు, చల్లటి గాజు ఒక్కసారిగా వేడెక్కితే చిట్లుతుంది. కావాలనే నల్లబరిచిన రాగి అయితే చింతపండు జోలికే పోవద్దు, ఆ అందమంతా కడుక్కుపోతుంది.

దాచడానికి జిప్ కవర్ చాలు, గాలి మొత్తం నొక్కేసి లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టొద్దు. రబ్బరులోని గంధకం రాగిని నల్లగా చేస్తుంది. ఈ పొరపాటు నేనూ చేశాను.

ఆర్కే బీచ్‌కి వేసుకెళ్తే ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. సెంటు, క్రీము ముందు రాసుకుని, అవి ఆరాకే హారం వేసుకోండి. మెడ మీద పచ్చ మరక పడితే టెన్షన్ అక్కర్లేదు, చెమటకి రాగి కరిగి అంటిన రంగు అది, సబ్బుతో పోతుంది. దురద, దద్దుర్లు వస్తే మాత్రం ముందు హుక్కుని అనుమానించండి, చాలావాటికి నికెల్ పూత ఉంటుంది.

ఇంట్లో పూసలు చేసేవాళ్లకి ఇంకాస్త పని ఉంది. గాజు కడ్డీలు తడి లేకుండా తుడిచాకే మంటలో పెట్టండి, నీటి చుక్క ఉంటే టప్పున పగిలి ముక్కలు ఎగురుతాయి. వానకి తలుపులన్నీ మూసేసి గ్యాస్ బర్నర్ వెలిగించొద్దు. పూసలు గుచ్చడానికి మోటారు వైండింగ్ రాగి తీగ చవకే, పైన ఎనామిల్ పూత ఉంటుంది కాబట్టి త్వరగా చిలుము పట్టదు కూడా. దాన్ని మంటలో పెడితే మాత్రం ఆ పొగ పీల్చకూడనిది.

అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను హెచ్చరిక ఉంటే కిల్న్ వెలిగించకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మామూలు రోజున మధ్యలో కరెంటు పోయినా కంగారుపడి కిల్న్ తలుపు తీయొద్దు. దానంతట అది చల్లారనిచ్చి, కరెంటు వచ్చాక అవే పూసల్ని మొదటి నుంచి నెమ్మదిగా వేడిచేసి చల్లార్చండి.